ఎనిమిది దుకాణాల దూరం

దుకాణానికి వచ్చినవాళ్ళు అందరూ "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతారు. "బాగుంది" అని చెప్పి గిన్నె తూకంలో పెడతాను. చేతిలో తూకం పెట్టుకుని అంతకన్నా ఎక్కువ చెప్పడం కుదరదు. ఆ మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఎడమ చెయ్యి ఇంకా కాగితాన్ని సరిగా అదిమి పట్టుకోదు కాబట్టి దాని మీద ఒక చెంబు పెట్టుకున్నాను. మా ఇంట్లో చెంబులకు కొదవ లేదు.

మాది జగదల్‌పూర్‌లో స్టీలు సామాన్ల దుకాణం. మా మామగారు తెలుగు సరిహద్దున ఉన్న కోంటా నుంచి వచ్చి పెట్టారు. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో తాళాలు మా ఆయనవి, నోరు నాది. కూతురు కవిత నగర్‌నార్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రం నాలుగు దాటాక గానీ ఇల్లు చేరదు.

ఫిబ్రవరి చివర

ఎవరో పెళ్ళివారు సామాను కొంటున్నారు. పళ్ళేల దొంతర ఎత్తబోతే ఎడమ చెయ్యి మాట వినలేదు. పళ్ళేలన్నీ నేల మీద పడి బజారంతా వినిపించాయి. "తిమ్మిరెక్కింది" అని నవ్వాను. అలా అన్నానని నేననుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరే ఏదోనట.

"ఏందే, తాగినోళ్ళ లెక్క మాట్లాడుతున్నవ్?" అన్నాడు మా ఆయన.

పెళ్ళివారు నవ్వారు. నేనూ నవ్వబోయాను, సగం మూతే కదిలింది.

ఆ తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. కుర్చీలో కూర్చుని బేరం ముగిసేదాకా ఆగాను. గోడ పట్టుకుని మేడెక్కి, కాసేపు పడుకుంటే తగ్గుతుందని పడుకున్నాను. కవిత బడి నుంచి వచ్చి నా ముఖం చూసి కేక పెట్టింది. అప్పటికి పళ్ళేలు పడి మూడు గంటల పైనే అయింది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా మూతి ఒక పక్కకు పోతే, చెయ్యి లేవకపోతే, మాట ముద్దగా వస్తే బేరం అక్కడే వదిలేసి ఆసుపత్రికి వెళ్ళండి. పళ్ళేలు ఎక్కడికీ పోవు.

ఆసుపత్రిలో నాకు బాగా గుర్తున్నది వరండాలో ఇనుప బెంచీ. లోపల ఏదో పరీక్ష కోసం వరుస ఉంది. మా ఆయన కాగితాలు పట్టుకుని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరుగుతున్నాడు. కవిత డాక్టరు వెనకాల పరుగెత్తింది. నేనొక్కదాన్నే బెంచీకి ఒరిగి ఉన్నాను, నోటి పక్క నుంచి లాలాజలం కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి రావడం లేదు. పక్కన ఎవరో ఊరావిడ, ఒళ్ళో జ్వరంతో ఉన్న పిల్లను పెట్టుకుని కూర్చుంది. తన కొంగుతో నా నోరు తుడిచింది. కాసేపాగి మళ్ళీ తుడిచింది. ఆవిడ గోండీలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. ఆవిడ పేరైనా అడగలేకపోయాను.

పక్షవాతం అన్నారు. ఎడమ పక్క.

మార్చి

రెండు వారాలకు ఇంటికి పంపించారు. మాట చాలావరకు తిరిగొచ్చింది, అందుకు మా ఆయన సంతోషించాడో లేదో తెలియదు. చెయ్యి కొంచెం లేస్తోంది. కాలే మొండికేసింది. మా వరసలోనే, ఎనిమిది దుకాణాల అవతల, ఫిజియోథెరపీ గది ఉంది. దాన్ని నడిపే అమ్మాయి పేరు పుష్ప. ఇంట్లో హల్బీ, మాతో హిందీ మాట్లాడుతుంది. కాలు అటూ ఇటూ వంచి చూసి ఉన్నమాట చెప్పింది.

"ఆంటీ, ఈ మూడు నాలుగు నెలలే మన చేతిలో ఉన్నాయి. రోజూ రావాలి. ఇక్కడి కడ్డీలు, మెషీన్లు ఇంటికి తేలేను. ఈలోపు నడిచిన కాలే తర్వాత నడుస్తుంది."

ఎనిమిది దుకాణాలే కదా అని మీరనుకోవచ్చు. ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చి దిగేదాకా నేనూ అలాగే అనుకున్నాను. దిగి చూస్తే మా దుకాణం ముందు ఫుట్‌పాత్ లేదు. నాలీ, అంటే మురుగు కాలువ, బాగుచేస్తున్నామని దాని మీది బండలన్నీ లేపేశారు. మా బజారులో ఫుట్‌పాత్ అంటే మురుగు నాలీ మీద పరిచిన బండలే. బండలు పోతే మిగిలేది తెరిచిన నాలీ, దాని పక్కన తవ్విపోసిన మట్టి కుప్ప, ఆ కుప్ప పక్క నుంచే లారీలు. ప్రతి దుకాణంవాళ్ళూ గిరాకీ లోపలికి రావడానికి రోడ్డు నుంచి తమ అరుగు దాకా ఒక పటియా, అంటే చెక్క పలక, వేసుకున్నారు. పక్క దుకాణానికి వెళ్ళాలంటే పలక దాటి, మట్టి కుప్ప దిగి, లారీల పక్కన నడిచి, మళ్ళీ ఇంకో కుప్ప ఎక్కాలి. రెండు కాళ్ళూ మాట వినేవాళ్ళకే అది సర్కస్సు.

పది రోజుల పని అన్నాడు ఠేకేదారు, అదే కాంట్రాక్టరు. ఆ పది రోజులు ఎప్పుడు మొదలవుతాయో చెప్పలేదు.

మొదటి వారాలు నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. మా ఆయన ఒక పక్క, ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ళు ఇంకో పక్క. ముప్పై ఏళ్ళు అందరి మీదా నోరు పారేసుకున్న మనిషిని కుర్చీలో ఊరేగిస్తుంటే బజారంతా చూసింది. హార్డ్‌వేర్ దుకాణం వర్మాజీ రెండు చేతులూ జోడించి, "భాభీజీ సవారీ వచ్చింది" అన్నాడు. నవ్వాను గానీ, సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్

నాలీ పనిలో ఉన్న రేజాలలో, అంటే ఆడ కూలీలలో, బుద్రి అని ఒకామె ఉంది. కోంటా దగ్గర ఎర్రబోరు వైపు దోర్ల తెగామె, తెలుగే మాట్లాడుతుంది. కోంటా మాట వినిపిస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది. ఒకరోజు నన్ను మోసుకెళ్తుంటే తట్ట కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఏందమ్మా, ఏడికి మోసుకపోతున్నరు నిన్ను రోజూ?"

"నడక నేర్చుకోవడానికి."

"మోసుకపోతే నడక ఎట్లొస్తది?" అంది. మా ఆయన కుర్చీ దించి ఆయాసపడుతూ ఆమె వైపు గుర్రుగా చూశాడు.

అరుగుల దారి చూపింది ఆమే. ప్రతి దుకాణానికీ ముందు సిమెంటు అరుగు ఉంది. అరుగుకీ అరుగుకీ మధ్య రెండడుగుల సందు, కింద బురద. ఆ సందుల మీద పటియాలు అడ్డంగా వేస్తే రోడ్డు దిగకుండా వరస పొడుగునా వెళ్ళవచ్చు. మా ఆయన దుకాణం దుకాణానికీ వెళ్ళి అడిగాడు. ఎవరూ కాదనలేదు. తలా ఒక పటియా వేశారు. చెప్పుల దుకాణంవాళ్ళు తమ అరుగు మీది చెప్పుల పెట్టెలు కూడా లోపలికి తీశారు. బుద్రి ఎక్కడి నుంచో వెదురు బొంగులు తెచ్చి పట్టుకోవడానికి గోడ వెంబడి కట్టింది.

మొదటి రోజు ఆ ఎనిమిది దుకాణాలు దాటడానికి ముప్పావు గంట పట్టింది. కుడి చేత్తో బొంగు, ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు ఈడ్చుకుని. ప్రతి దుకాణం ముందూ ఆగి థ్యాంక్స్ చెప్పాను. వచ్చేటప్పుడు మళ్ళీ చెప్పాను. రాత్రి కాలు పీకేస్తోంది, అయినా చాలా ఆనందంగా ఉంది. నెలాఖరుకు ఇరవై నిమిషాల్లో దాటుతున్నాను. మా ఆయనను వెనక రావద్దన్నాను. "దుకాణం చూసుకోండి, నేను పెళ్ళికూతుర్ని కాదు" అన్నాను. నా జాగ్రత్త మీద నాకు అంత నమ్మకం.

మే

ఎండలు ముదిరాక మా బజారు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా మూసేస్తారు. ఆ రోజు పుష్ప గది ముందు బెంచీ నిండిపోయింది. పడి తుంటి విరిగిన ఒక ముసలామె, చెయ్యి కట్టుతో ఒక డ్రైవరు, ఇంకా ముగ్గురు నలుగురు. నా వంతు వచ్చి, అయ్యేసరికి రెండుంబావు. పుష్ప "ఎవరినైనా పిలవనా ఆంటీ?" అంది. అక్కర్లేదన్నాను.

మూడు దుకాణాలు దాటాను. రంగుల దుకాణం తెరిచి ఉంది, బట్టల దుకాణంవాళ్ళు అప్పుడే షట్టరు దించుతున్నారు. వర్మాజీ అరుగు మీదికి వచ్చేసరికి ఎదురుగా సందు మీద పటియా లేదు. వెనక్కి తిరిగితే బట్టల దుకాణంవాళ్ళు తమది లోపలికి లాగేసుకుని వెళ్ళిపోయారు. ముందుకీ వెనక్కీ బురద సందులు, మధ్య అరుగు మీద నేను.

వాళ్ళను ఏమనను? పటియా లోపలికి లాగే ఆ రూలు పెట్టించింది నేనే. నాలుగేళ్ళ కిందట ఇలాగే నాలీ తవ్వినప్పుడు, మా మంచి టేకు పటియా మేం భోజనానికి వెళ్ళి వచ్చేసరికి మాయమైంది. వ్యాపారుల సంఘంలో లేచి అరగంట మాట్లాడాను. దుకాణం మూస్తే పటియా లోపలికి రావాలి, బయట వదిలినవాడిదే బాధ్యత అని ఒప్పించాను. మా వాళ్ళు చెక్క విషయంలో ఎప్పుడూ నా మాట కాదనలేదు. దుకాణం మూశాక పటియాతో పని ఎవరికుంటుందని ఒక్కరైనా అడగలేదు. నాకూ తోచలేదు.

ఫోను మేడ మీద చార్జింగులో ఉంది. షట్టరు కాలుతోంది. ఒంటికి వెళ్ళాలి. అది రాయకూడదేమో గానీ, ఆ కాసేపట్లో నన్ను భయపెట్టింది ఎండ కాదు, అదే. రోడ్డు అవతల ఎవరో పోతుంటే పిలిచాను, లారీ శబ్దంలో వినిపించలేదు. ఇరవై నిమిషాలు ఓర్చుకుని ఇక ఆగలేక, రెండడుగులే కదా అని కుడి కాలు ముందుకు చాపాను. బరువంతా ఎడమ కాలి మీద పడింది. అది నన్ను నిలబెట్టలేదు.

మోకాళ్ళ లోతు బురదలో కూర్చుండిపోయాను. వరస చివర నీడలో అన్నం తింటున్న బుద్రి, ఇంకో రేజా అన్నం వదిలేసి పరుగెత్తుకొచ్చారు. బుద్రి నా చంకల కింద చేతులేసి పైకి లాగింది. చీర తడిసింది బురదకు మాత్రమే కాదు. ఆమెకు తెలిసిందని నాకు తెలుసు. ఒక బిందె నీళ్ళు తెచ్చి నా నడుం మీద నుంచి కుమ్మరించి, "బురద పోవాలె గదా" అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు.

మోకాలు వాచింది. పది రోజులు మంచం. ఏప్రిల్‌లో సంపాదించిన నడకంతా పోయింది, కాలు మళ్ళీ కర్రలా బిగుసుకుంది. ఇంట్లో రోజూ గొడవే.

"ఇగ సాలు" అన్నాడు మా ఆయన. "మేడ మీదనే ఉండు. నూనె మర్దన చేపిస్త. నీకేం తక్కువ చేసిన్నే?"

"నేను ఉద్యోగం మానేస్తా నాన్నా, అమ్మను నేనే తీసుకుపోతా" అంది కవిత.

"నువ్వు ఉద్యోగం మానేస్తే నేను తిండి మానేస్తా" అన్నాను. అంత పట్టుదలగా అన్నానే గానీ నాకూ భయమే. ఆ మేడ మీద, ఆ కిటికీ పక్కన, మిగతా బతుకంతా కనిపించింది. మా ఆయన పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చినప్పుడల్లా ఏడుపొచ్చేది. ఆయన తప్పేమీ లేదు. ఆయనా భయపడ్డాడు.

ఒక సాయంత్రం పుష్ప గది మూసుకుని, పిలవకుండానే మెట్లెక్కి వచ్చింది. కాలు వంచింది. నేను అరిచాను. తను అరవనిచ్చింది.

"ఆంటీ, ఇంకో నెల ఇలా పడుకుంటే ఈ కాలితో నేను చేయగలిగేది ఏమీ ఉండదు. మీరే చెప్పండి."

మర్నాడు మా ఆయనతో సంఘం వాళ్ళను మా దుకాణానికే పిలిపించాను. నన్ను కిందికి దించి గల్లా పక్కన కూర్చోబెట్టారు. దుకాణాలు మూసినా పటియాలు తీయొద్దని అడిగాను. వర్మాజీ ముందుగా నోరు విప్పాడు.

"భాభీజీ, పోయినసారి నా పటియా బయట మరిచిపోతే పదిమందిలో నన్ను కడిగేశారు. గుర్తుందా?"

"ఉంది. తప్పు నాదే. పటియా దుకాణానిది అనుకున్నాను. అది మనుషులు నడిచే దారి అని బురదలో పడ్డాక తెలిసింది."

"మరి పటియా పోతే?" అన్నాడు వర్మాజీ.

షట్టరు దగ్గర బుద్రి నిలబడి ఉంది. నేనే రమ్మన్నాను.

"సలాకలు పొడుచుకొని ఉన్నయి గదా అరుగులకు? ఇనుప తీగతోని కట్టి మెలేస్తే ఎవడిప్పుతడు?" అంది. నేను హిందీలో చెప్పాను.

ఇనుప తీగ అమ్మేది వర్మాజీ. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. లేచి వెళ్ళి తీగ చుట్ట తెచ్చి బుద్రి చేతికిచ్చాడు. ఆ సాయంత్రానికి పటియాలన్నీ బిగించేశారు.

మర్నాటి నుంచి కిటికీలోంచి చూస్తే ఆ పటియాల మీద నాకంటే ముందు ఎందరో నడుస్తున్నారు. నెలలు నిండిన ఒక అమ్మాయి, ఇప్పపూల బుట్టలతో ఊరివాళ్ళు, మోకాళ్ళ నొప్పుల పెద్దలు. నాలీ తవ్విన ప్రతిసారీ వీళ్ళంతా లారీల పక్కన నడిచారు. గల్లా దగ్గర కూర్చుని రోజూ చూస్తూ కూడా నేను వాళ్ళను చూడలేదు. ఆ మాట ఒప్పుకోవడం నాకు అంత తేలిక కాదు.

జూన్

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ముప్పావు గంట, తర్వాత అరగంట. ప్రతి అరుగు దగ్గరా థ్యాంక్స్. పొద్దున పోతూ ఎనిమిది, వస్తూ ఎనిమిది. చెప్పాలి కదా, వాళ్ళ దయ మీద నడుస్తున్నాను. ఒకరోజు ఒళ్ళు బాగోలేక చెప్పకుండా దాటిపోతే చెప్పుల దుకాణం ఆయన "ఏం భాభీ, కోపమా?" అని అడిగాడు. అతను మంచికే అడిగాడు. అయినా వస్తూ రెండుసార్లు థ్యాంక్స్ చెప్పుకోవాల్సి వచ్చింది.

వానలు మొదలవుతాయనగా పని ఊపందుకుంది. కొత్త బండలు పరిచారు, గట్టిగా, సమంగా. వరస చివర మాత్రం రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య అడుగున్నర ఎత్తు వదిలేశారు. అడిగితే నక్షాలో అంతే ఉందన్నాడు ఠేకేదారు. ఆయన టీ తాగడానికి వెళ్ళిన సమయంలో బుద్రి, మేస్త్రీ కలిసి మిగిలిన సిమెంటుతో అక్కడ ఏటవాలుగా పోసేశారు. ఆయన తిరిగొచ్చి చూసి, ఏమీ అనకుండా దాని మీదుగానే నడిచి వెళ్ళాడు. రెండు రోజుల తర్వాత విత్తనాల పని ఉందని బుద్రి ఊరికి వెళ్ళిపోయింది. నేను ఇవ్వబోయిన బిందె తీసుకోలేదు. "బస్సులో ఎవరు మోస్తరమ్మా" అంది. చివరికి టిఫిను డబ్బా తీసుకుంది.

ఇప్పుడు

కాలు కొంచెం ఈడుస్తాను. చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. పుష్ప వారానికి రెండుసార్లు వస్తే చాలంది.

కొత్త ఫుట్‌పాత్ మీద మొదటిసారి ఒంటరిగా వెళ్ళి తిరిగి వస్తున్న రోజు. చేతికర్ర ఉంది, బొంగులు లేవు, సందులు లేవు. మా దుకాణం ఇంకా పదడుగులు ఉందనగా దారి ఆగిపోయింది. టబ్బులు, బకెట్లు, నీళ్ళ డ్రమ్ములు గోడ నుంచి అంచు దాకా దొంతరలుగా ఉన్నాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాడు.

"చూసినవా? నువ్వు చెప్పినట్టే పెట్టిన. సామాను బయట కనబడాలె గదా."

నిజమే. ఇరవై ఏళ్ళుగా పెట్టించింది నేనే. కిందికి దిగి డ్రమ్ముల పక్క నుంచి తిరిగి వెళ్దామా అని రోడ్డు వైపు చూశాను. నా వెనక కర్ర చప్పుడు ఆగింది. ఎవరో పెద్దమనిషి, నేను కదలడం కోసం నిలబడ్డాడు. నేను కదలలేదు.

"లోపల పెట్టండి" అన్నాను.

"ఏంది? మన అవతల అందరు పెట్టిన్రు. గటు చూడు."

"అందరి సంగతి రేపు చూస్తాను. ముందు మనవి తియ్యండి. అవి తీసేదాకా నేనిక్కడే ఉంటా."

ఆయనకు నా నోరు తెలుసు. గొణుక్కుంటూ ఒక్కొక్కటే లోపలికి చేర్చాడు. నేనూ కుడి చేత్తో రెండు బకెట్లు జరిపాను. దారి తెరుచుకుంది. నేను గోడ వైపు తప్పుకున్నాను. పెద్దమనిషి కర్ర టకటకలాడించుకుంటూ మా ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాడు.

"థ్యాంక్స్ అయినా చెప్పలే, చూసినవా?" అన్నాడు మా ఆయన.

చూశాను. ఇన్ని నెలల్లో నాకు అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు. ఆ పెద్దమనిషి, తన దారిన తను పోతున్నట్టు, మా దుకాణం వైపు తల కూడా తిప్పలేదు.